తరగతి గది చలి నుంచి సూరత్ చల్లదనం వరకు: థర్మోస్టాట్ రూపకర్త వారెన్ జాన్సన్

సూరత్, డిసెంబరు 5: వజ్రాల నగరం సూరత్‌లోని ఖజోద్ ప్రాంతంలో తొమ్మిది టవర్లతో, ఒక్కొక్కటి పదిహేను అంతస్తులతో నిలిచిన సూరత్ డైమండ్ బోర్స్ ప్రపంచంలోనే అతి పెద్ద కార్యాలయ భవన సముదాయంగా పేరు పొందింది. 2023 డిసెంబరు 17న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దీనిని ప్రారంభించారు. సుమారు 67 లక్షల చదరపు అడుగుల ఈ నిర్మాణంలో గొట్టాల గుండా చల్లని నీటిని ప్రవహింపజేసి గదుల వేడిని తగ్గించే రేడియంట్ కూలింగ్ పద్ధతిని అనుసరించారు. ఇంతటి భవనంలో ఏ గదికి ఎంత చల్లదనం కావాలో మనుషులు తిరిగి చూసి నిర్ణయించడం అసాధ్యం. ఆ పనిని గోడ మీది చిన్న పరికరానికి, దాని నుంచి బయలుదేరే తీగకు అప్పగించవచ్చని తొలినాళ్లలోనే నిరూపించిన వారిలో అమెరికా ఉపాధ్యాయుడు వారెన్ సేమూర్ జాన్సన్ ముఖ్యుడు. నేడు ఆయన వర్ధంతి.

జాన్సన్ 1847 నవంబరు 6న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం లీసెస్టర్‌లో జన్మించారు. బాల్యంలోనే ఆయన కుటుంబం విస్కాన్సిన్‌కు తరలివెళ్లింది. ముద్రణాలయంలో పనివానిగా, భూమి కొలిచే సర్వేయరుగా, బడి పంతులుగా, పాఠశాలల పర్యవేక్షకునిగా పనిచేసిన అనంతరం 1876లో వైట్‌వాటర్ పట్టణంలోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆచార్యునిగా చేరారు.

ఆయన ఆవిష్కరణకు మూలం ఆ కళాశాల తరగతి గదిలోనే ఉంది. విస్కాన్సిన్ శీతాకాలం అతి కఠినమైనది. భవనం అడుగున ఉండే కొలిమి నుంచి గదులకు వేడి అందేది. ఏ గదిలో వేడి ఎక్కువైందో, ఎక్కడ తక్కువైందో కొలిమి వద్ద ఉండే పరిచారకునికి తెలిసే మార్గం లేదు. అతడు గంటగంటకూ తరగతి గదుల్లోకి వచ్చి ఉష్ణమాపకం చూసి, కిందికి వెళ్లి గాలి తలుపులను సరిచేయవలసి వచ్చేది. పాఠం మధ్యలో ఆగిపోయేది. విద్యార్థులు ఒకప్పుడు చలికి వణికేవారు, మరొకప్పుడు ఉక్కపోతకు గురయ్యేవారు. బొగ్గు కూడా వృథా అయ్యేది.

రెండు వేర్వేరు లోహపు రేకులను జతచేసి వేడిచేస్తే అవి అసమానంగా వ్యాకోచించి ఒక వైపునకు వంగుతాయి. ఈ ధర్మంతో స్కాట్లాండ్ శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ 1830లోనే ఒక నియంత్రణ పరికరాన్ని రూపొందించారు. జాన్సన్ దానికి విద్యుత్తును జోడించారు. గది ఉష్ణోగ్రత నిర్ణీత స్థాయిని దాటగానే వలయం పూర్తయి, తీగ గుండా ప్రవహించిన విద్యుత్తు కొలిమి వద్ద గంట మోగించేది. పరిచారకుడు మెట్లెక్కవలసిన అవసరం తప్పింది. 1883లో ఈ పరికరానికి ఆయన పేటెంట్ పొందారు.

మిల్వాకీ నగరానికి చెందిన సంపన్నుడు విలియం ప్లాంకింటన్ పెట్టుబడి సమకూర్చగా, 1885లో జాన్సన్ ఎలక్ట్రిక్ సర్వీస్ కంపెనీ ఏర్పడింది. జాన్సన్ బోధనావృత్తిని విడిచి పూర్తిగా పరిశోధనకు అంకితమయ్యారు. గంట మోగించడంతో ఆయన తృప్తి చెందలేదు. గంట విని మనిషి చేయవలసిన పనిని కూడా యంత్రమే చేయాలని తలచి, పీడన గాలితో ఆవిరి కవాటాలను, గాలి తలుపులను తెరిచి మూసే వ్యవస్థను నిర్మించారు. 1895లో దానికి పేటెంట్ లభించింది. ఒకే భవనంలో ఒక్కొక్క గదికి ఒక్కొక్క ఉష్ణోగ్రతను నిలుపుకొనే వీలు దీనితో కలిగింది.

ఆయన జిజ్ఞాస అక్కడితో ఆగలేదు. పీడన గాలితో నడిచే గోపుర గడియారాలు, తీగలేని తంతి, ఆవిరితో నడిచే మోటారు వాహనాల వైపు ఆయన దృష్టి మళ్లింది. 1904 నాటి సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో భారీ పూల గడియారాన్ని నడిపిన యంత్రాంగం ఆయన సంస్థదే. యాభైకి పైగా పేటెంట్లు ఆయన పేరిట నమోదయ్యాయి. అయితే ఇన్ని దిశల్లో సాగిన ప్రయోగాలు సంస్థ ధనాన్ని, శ్రద్ధను పంచుకున్నాయి. 1911 డిసెంబరు 5న లాస్ ఏంజెలెస్‌లో జాన్సన్ కన్నుమూశారు. మరుసటి ఏడాది పగ్గాలు చేపట్టిన కొత్త యాజమాన్యం ఇతర వ్యాపారాలను వదలి ఉష్ణోగ్రత నియంత్రణకే పరిమితమైంది. ఆయన కలల్లో చివరకు నిలిచినది తరగతి గదిలో పుట్టిన తొలి ఆలోచనే. ఆ సంస్థే 1972లో చిన్న కంప్యూటరుతో భవనాలను నియంత్రించే వ్యవస్థను విపణిలోకి తెచ్చింది.

నేటి భవనాల్లో లోహపు రేకుల స్థానాన్ని ఎలక్ట్రానిక్ సెన్సర్లు ఆక్రమించాయి. అవి పంపే స్వల్ప విద్యుత్ సంకేతాలను డిజిటల్ కంట్రోలర్లు చదివి కవాటాలకు, ఫ్యాన్లకు ఆదేశాలిస్తాయి. సంకేతాలు బలహీనమైనవి కనుక వాటిని మోసే మెలితిప్పిన జంట తీగలకు లోహపు తొడుగు వేసి, అధిక విద్యుత్ కేబుళ్లకు దూరంగా అమరుస్తారు. ఈ జాగ్రత్త లోపిస్తే తప్పుడు సంకేతంతో గది అకారణంగా చల్లబడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. వేర్వేరు సంస్థల పరికరాలు పరస్పరం సంభాషించేందుకు 1995లో బ్యాక్‌నెట్ అనే ఉమ్మడి ప్రమాణం అమలులోకి వచ్చింది.

తపతీ నది ఒడ్డున, సముద్రానికి సమీపాన ఉన్న సూరత్‌లో గాలి తేమ అధికం. చల్లని నీటి గొట్టాలున్న ఉపరితలం మరీ చల్లబడితే, మంచు చెంబు వెలుపల చెమ్మ పట్టినట్లే దానిపై నీటి బిందువులు ఏర్పడతాయి. అందుచేత ఇటువంటి వ్యవస్థలో ఉష్ణోగ్రతతో పాటు తేమను కూడా నిరంతరం కొలిచి, నీటి చల్లదనాన్ని తదనుగుణంగా సవరించవలసి ఉంటుంది. వైట్‌వాటర్‌లో ఒక్క గంట మోగించిన తీగకు నేడు ఇంతటి బాధ్యత వచ్చింది.

అదే నగరంలో తెలంగాణ నుంచి దశాబ్దాల కిందట వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వారిలో అనేకులకు మరమగ్గాలే జీవనాధారం. మగ్గాల వేడి, రేకుల కప్పు వేడి కలిసిన షెడ్లలో వేసవి గడిపే కార్మికులకు నియంత్రిత చల్లదనం ఇంకా అందని సదుపాయమే. జాన్సన్ పరికరం పుట్టింది సంపన్నుల సౌధాల కోసం కాదు, చలికి వణికే విద్యార్థుల కోసం, మెట్లెక్కి దిగే పరిచారకుని కోసం. ఆ ఉద్దేశం వజ్రాల భవనాన్ని దాటి మగ్గాల షెడ్లకు చేరిన నాడే ఆయన కృషి పరిపూర్ణమవుతుంది.