వెన్నులో నీటికి దారి కనుగొన్న క్వింకే

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మా పెదనాన్న కొడుక్కి జ్వరం వచ్చింది. మెడ బిగుసుకుపోయింది, వాంతులు, మగత. ఆసుపత్రిలో డాక్టరుగారు వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయాలి, సంతకం పెట్టండి అన్నారు. వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని మా వాళ్ళందరికీ భయం. సంతకం పెట్టేసరికి ఒక రోజు గడిచిపోయింది. తమ్ముడు బతికాడు కానీ ఇప్పుడు వాడికి చెవులు వినిపించవు. ఆ జబ్బులో వెంటనే వైద్యం చేసినా ఒక్కోసారి అలా జరుగుతుందట, కాబట్టి ఆలస్యం వల్లనే అని నేను చెప్పలేను. మా ఇంట్లో పదో తరగతి దాటినవాణ్ణి నేనొక్కణ్ణే, అయినా ఆ రోజు నాకేమీ తెలియదు. ఇప్పుడు ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీలో భాగంగా ఆ నీటినే చిన్న గాజు సీసాల్లో చూస్తున్నాను. అందుకే ఆ పరీక్షను లోకానికి అందించిన మహనీయుని గురించి మన వార్షికోత్సవ సంచికలో రాయాలనిపించింది.

హైన్రిక్ క్వింకే 1842 ఆగస్టు 26న జర్మనీలో ఓడర్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. అన్నగారు జార్జ్ క్వింకే పేరుపొందిన భౌతికశాస్త్రవేత్త. ధ్వని తరంగాల పాఠంలో క్వింకే గొట్టం అని చదువుకున్న వారుంటే అది ఈ అన్నగారిదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

క్వింకే బెర్లిన్, వుర్జ్‌బర్గ్, హైడెల్‌బర్గ్ నగరాలలో వైద్యవిద్య అభ్యసించి 1863లో, అంటే 21 ఏళ్ళకే, డాక్టరు పట్టా పొందారు. 1873లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఆచార్యులయ్యారు. 1878లో జర్మనీ ఉత్తర తీరంలోని కీల్ నగరానికి వచ్చి, 1908లో పదవీ విరమణ చేసేవరకు 30 ఏళ్ళు అక్కడే పనిచేశారు. గుండె కవాటం సరిగా మూసుకోని రోగుల గోళ్ళ కింద నాడి కొట్టుకోవడం కనిపిస్తుందని 1868లో రాశారు. పెదవులు, కనురెప్పలు హఠాత్తుగా ఉబ్బిపోయే జబ్బును 1882లో వివరించారు. రెండింటికీ నేటికీ ఆయన పేరే ఉంది.

అయితే అసలు కథ కుక్కలతో మొదలైంది. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నీటిలాంటి తేట ద్రవం ఉంటుంది. పెద్దవారిలో అది సుమారు 150 మిల్లీలీటర్లు, రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. క్వింకే కుక్కల వెన్నులోని ఈ ద్రవంలోకి ఎర్రని ఇంగిలీకపు పొడిని ఎక్కించి, ఆ రంగు ఎక్కడెక్కడికి చేరుతుందో పరిశీలించి 1872లో ప్రచురించారు. తలలోని నీరు, నడుములోని నీరు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయని దాంతో ఆయనకు తెలిసింది. అలాగైతే తలలో ఒత్తిడి పెరిగినప్పుడు తలను తెరవనక్కరలేదు. నడుము దగ్గర కొంచెం నీరు తీస్తే చాలు.

వెన్నులో సూది గుచ్చితే వెన్నుపాము తెగిపోదా అని మా పెదనాన్నకు వచ్చిన సందేహమే ఎవరికైనా వస్తుంది. వెన్నుపాము నడుము చివరిదాకా ఉండదు. పెద్దవారిలో మొదటి, రెండవ నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. దాని కింద నీళ్ళలో తేలే దారాల్లా నరాల కట్ట మాత్రమే ఉంటుంది. సూది మొన తగిలితే ఆ దారాలు సాధారణంగా పక్కకు జరుగుతాయి. క్వింకే ఎంచుకున్న చోటు మూడవ, నాలుగవ నడుము పూసల మధ్య సందు.

1891లో వీస్‌బాడెన్ నగరంలో జరిగిన వైద్యుల మహాసభలో ఆయన ఈ పద్ధతిని ప్రకటించారు. అదే కాలంలో లండన్‌లో వింటర్ అనే వైద్యుడు క్షయ మెదడు పొరలకు సోకిన నలుగురు రోగులకు నడుము దగ్గర చర్మం కోసి గొట్టం పెట్టారు. నలుగురూ మరణించారు. క్వింకే కోత పెట్టలేదు. రోగిని పక్కకు పడుకోబెట్టి, లోపల సన్నని తీగ ఉన్న సూదిని గుచ్చి, తీగ లాగి, ద్రవం ఒత్తిడిని కొలిచి, కొద్దిగా మాత్రమే తీసేవారు. అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు, అది 1895లో వచ్చింది. వేలితో ఎముకలు తడిమి, చేతి అంచనాతో చీకట్లో నడిచినట్టు సూదిని నడిపారు.

అదే కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే శస్త్రవైద్యుడు ఈ దారిలోనే మత్తుమందు ఎక్కించవచ్చని 1898లో నిరూపించారు. ముందు తన వెన్నులోనే ఎక్కించుకోబోతే సిరంజి సూదికి సరిపడక నీరంతా కారిపోయింది. తర్వాత సహాయకునికి మందు ఎక్కించి, కాళ్ళు మొద్దుబారాయో లేదోనని ముంగాలి మీద సుత్తితో కొట్టి చూశారు! మరునాటి నుంచి బీర్‌గారికి రోజుల తరబడి తలనొప్పి. పడిన రంధ్రం గుండా నీరు కారడమే దానికి కారణం. ఈనాడు సిజేరియన్ ఆపరేషన్లకు నడుములో ఇచ్చే మత్తు ఇంజక్షన్ అలా పుట్టినదే.

నోబెల్ బహుమతికి క్వింకే పేరు పలుమార్లు ప్రతిపాదించబడింది కానీ రాలేదు. 1922 మే 19న, 79వ ఏట, ఫ్రాంక్‌ఫర్ట్ అనే పేరే గల మరో పెద్ద నగరంలో కన్నుమూశారు.

ఆయన విడిచివెళ్ళిన కష్టం ఒకటి మాత్రం వందేళ్ళు అలాగే ఉండిపోయింది. లావుగా ఉన్నవారికి, వెన్ను వంగిన ముసలివారికి ఎముకలు చేతికి అందవు. రెండుసార్లు, మూడుసార్లు గుచ్చవలసి వస్తుంది. గుచ్చినకొద్దీ నొప్పి, పైగా నీటిలో రక్తం కలుస్తుంది. రక్తం కలిసిన సీసా వచ్చినప్పుడు ల్యాబులో మా బాధ చెప్పనలవి కాదు. ఆ తెల్ల కణాలు జబ్బువా, సూది గాయానివా తేల్చడం కష్టం.

ఇక్కడే అన్నగారి ధ్వని తరంగాలు గుర్తుకొస్తాయి. చెవికి వినిపించని ధ్వనితో బొమ్మ చూపే అల్ట్రాసౌండ్ యంత్రం చిన్నదై రోగి మంచం దగ్గరికే వచ్చింది. నడుము మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే, ఎముక ఉన్నచోట తెల్లని గీత, దాని వెనుక నల్లని నీడ కనిపిస్తాయి. ధ్వని ఎముకను దాటలేదు కనుక నీడ లేని చోటే సందు. అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, నీరు ఎంత లోతులో ఉందో తెర మీదే కొలిచి, జెల్ తుడిచి, శుభ్రం చేసి గుచ్చుతారు. దీనివల్ల విఫలమయ్యే ప్రయత్నాలు, రక్తం కలిసే నమూనాలు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ నేర్చుకున్న చేయి కావాలి, యంత్రం ఉండాలి. చాలాచోట్ల ఇంకా క్వింకేగారి వేలి అంచనాయే దిక్కు. సూదికి కూడా ఇప్పటికీ ఆయన పేరే.

మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు అరుగు మీద సుద్దముక్కతో వెన్నుపూసలు గీసి, పాము ఎక్కడ ఆగుతుందో, సూది ఎక్కడ దిగుతుందో పెదనాన్నకు చూపించాను. తమ్ముడు పక్కనే కూర్చుని బొమ్మ చూస్తున్నాడు. పెదనాన్న చాలాసేపు చూసి, ఇంతేనా, ఆ రోజే చెబితే సంతకం పెట్టేవాణ్ణి కదరా అన్నారు.