జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) ప్రముఖ జన్యు శాస్త్రవేత్త, శరీరధర్మ శాస్త్రవేత్త, రచయిత. ఇంగ్లండులో జన్మించి, జీవితంలోని చివరి ఏడేళ్ళు భారతదేశంలో గడిపి, భారత పౌరుడిగా మరణించాడు. ఒకే జబ్బుకు, ఒకే పరిసరాలకు లోనైన ఇద్దరిలో ఒకరే ఎక్కువగా ఎందుకు దెబ్బతింటారన్న ప్రశ్నను జన్యుశాస్త్రం దృష్టితో చూసిన తొలితరం శాస్త్రవేత్తలలో ఈయన ఒకడు. మధుమేహ రోగులలో తలెత్తే ఉపద్రవాలను అర్థం చేసుకోవడానికి నేడు ఆ ప్రశ్నే కీలకం. ఈయన మరణానంతరం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

బాల్యము, విద్య

హాల్డేన్ ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధనలకు పేరుగాంచిన శరీరధర్మ శాస్త్రవేత్త. చిన్ననాటినుండే తండ్రి ప్రయోగాలలో పాల్గొన్నాడు. సోదరి నవోమీ మిచిసన్ రచయిత్రి. ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలోను చదివాడు. ఈయన పట్టా పొందినది ప్రాచీన భాషాసాహిత్యాలు, తత్వశాస్త్రాలలోనే. విజ్ఞానశాస్త్రంలో ఎటువంటి పట్టా లేకపోవడం గమనార్హం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు, ఇరాక్ రంగాలలో పోరాడి గాయపడ్డాడు. ఆ గాయాల నుండి కోలుకోవడానికి తొలిసారిగా భారతదేశానికి వచ్చాడు.

తనపైనే ప్రయోగాలు

మధుమేహం అదుపు తప్పి, ఇన్సులిన్ బాగా తగ్గినప్పుడు శరీరం కొవ్వును విపరీతంగా ఖర్చు చేస్తుంది. అప్పుడు కీటోన్ ఆమ్లాలు రక్తంలో చేరతాయి. రోగి ఎగశ్వాసతో బాధపడి, చికిత్స అందకపోతే స్పృహ కోల్పోతాడు. ఇన్సులిన్ వాడుకలోకి రాకముందు ఎందరో ఈ విధంగానే మరణించేవారు. రక్తంలో ఆమ్లత పెరిగితే శరీరం ఎలా స్పందిస్తుందో తెలుసుకోవడానికి హాల్డేన్ 1920 ప్రాంతాలలో అమ్మోనియం క్లోరైడును నీటిలో కలుపుకుని తాగాడు. కాలేయం అందులోని అమ్మోనియాను యూరియాగా మార్చగా, మిగిలిన ఆమ్లం రక్తంలో చేరింది. ఫలితంగా ఈయన కొన్ని రోజులపాటు ఆయాసంతో బాధపడ్డాడు. ఆ మార్పులను తానే కొలిచి ప్రకటించాడు.

జన్యుశాస్త్రంలో కృషి

1923 నుండి 1932 వరకు కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం బోధించాడు. 1925లో బ్రిగ్స్‌తో కలిసి ఎంజైముల చర్యావేగానికి రూపొందించిన సమీకరణాన్ని విద్యార్థులు నేటికీ చదువుతున్నారు. 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడయ్యాడు. 1935లో హీమోఫీలియా ఆధారంగా మానవ జన్యువులో ఉత్పరివర్తన రేటును అంచనా వేశాడు. 1937లో జూలియా బెల్‌తో కలిసి, హీమోఫీలియా, వర్ణాంధత్వాల జన్యువులు ఒకే క్రోమోజోముపై సంలగ్నమై ఉన్నాయని చూపాడు.

1938లో ప్రచురించిన ఒక గ్రంథంలో పింగాణీ కార్మికుల శ్వాసకోశ వ్యాధిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ పనివారందరూ ఒకే ధూళిని పీల్చినా, కొందరే వ్యాధితో మరణిస్తున్నారు. కనుక వారి శరీర తత్వంలోనూ భేదం ఉండవచ్చునని ఊహించాడు. హాల్డేన్ మధుమేహ జన్యువులపై పరిశోధించలేదు. అయినా ఈ తర్కం ఆ వ్యాధికీ చక్కగా వర్తిస్తుంది. రక్తంలో చక్కెర ఒకే స్థాయిలో, ఒకే కాలంపాటు ఉన్నా కొందరికి మూత్రపిండాలు, కంటిలోని రెటీనా త్వరగా దెబ్బతింటాయి. మరికొందరికి అంతగా దెబ్బతినవు. మధుమేహం వల్ల కలిగే మూత్రపిండ వ్యాధి కొన్ని కుటుంబాలలో అధికంగా కనబడుతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. అయితే జన్యువులే సర్వస్వం కావు. చక్కెరను అదుపులో ఉంచితే ఉపద్రవాలు గణనీయంగా తగ్గుతాయని 1993లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం నిరూపించింది.

భారతదేశంలో

1957లో మహలనోబిస్ ఆహ్వానంపై సతీమణి హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. భారతీయ దుస్తులు, శాకాహారం అలవరచుకున్నాడు. 1961లో భారత పౌరసత్వం పొందాడు. ఈయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణ, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్ర ప్రదేశ్‌లో మేనరికాలు, మేనమామ-మేనకోడలు వివాహాల గురించి సర్వే చేశాడు. తల్లిదండ్రులు రక్తసంబంధీకులైతే, ఇద్దరి నుండి ఒకే లోపభూయిష్ట జన్యువు బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. పుట్టిన కొద్ది నెలలలోనే వచ్చే కొన్ని అరుదైన మధుమేహ రకాలు ఈ విధంగా సంక్రమిస్తాయి. పెద్దలలో సాధారణంగా కనిపించే మధుమేహం మాత్రం అనేక జన్యువులు, ఆహారం, జీవనవిధానం కలిసి కలిగించేది.

చివరి రోజులు

1962లో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర, జీవగణాంక ప్రయోగశాలను నెలకొల్పాడు. క్యాన్సర్ సోకిన తరువాత, దానిపై 1964లో ఒక హాస్యకవిత వ్రాశాడు. అదే సంవత్సరం డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. ఈయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడకు తరలించి, వైద్య విద్యార్థుల అధ్యయనానికి ఇచ్చారు. యౌవనంలో తన శరీరాన్నే ప్రయోగశాలగా చేసుకున్న హాల్డేన్, మరణానంతరం కూడా దానిని విద్యకే అంకితం చేశాడు.