యలవర్తి నాయుడమ్మ

యలవర్తి నాయుడమ్మ (సెప్టెంబరు 10, 1922 - జూన్ 23, 1985) ప్రముఖ చర్మ సాంకేతిక శాస్త్రవేత్త, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన ఆంధ్రుడు. పేరు చివర అమ్మ ఉండటం వలన స్త్రీ అని పొరబడేవారు కద్దు.

బాల్యం, విద్య

గుంటూరు జిల్లా (2022 నుండి బాపట్ల జిల్లా) యలవర్రు గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. గుంటూరు ఏ.సి. కళాశాలలో ఇంటర్మీడియట్, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రంలో బి.ఎస్సీ. చదివాడు. మద్రాసులోని చర్మ సాంకేతిక విద్యాసంస్థలో చేరిన తరువాత ఉన్నత విద్యకై విదేశాలకు వెళ్ళి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం నుండి పిహెచ్.డి. పట్టా పొందాడు.

చర్మ పరిశోధన

తోలు పని అంటరానిదిగా ఎంచబడిన సమాజంలో ఒక రైతుబిడ్డ దానినే జీవితవృత్తిగా ఎన్నుకోవడం ఆనాడు చిన్న విషయం కాదు. పచ్చితోలు త్వరగా కుళ్ళిపోతుంది. తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటిలోని టానిన్లు తోలులోని పీచుతో బంధం ఏర్పరచుకొని దానిని నిలువ ఉండేట్లు చేస్తాయి. తరతరాలుగా చర్మకారులకు అనుభవంతో తెలిసిన ఈ విద్యకు రసాయన శాస్త్రాన్ని జోడించడమే నాయుడమ్మ కృషిలోని సారం. 1958 నుండి 1971 వరకు మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు సంచాలకుడిగా ఉండి, పరిశోధనా ఫలితాలను టానరీల వద్దకు చేర్చాడు. 1971లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

కరీంనగర్ ప్రయోగం

1971-77 మధ్య కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) అధిపతిగా ఉన్నప్పుడు ఆయన చేపట్టిన పనులలో ముఖ్యంగా చెప్పుకోదగినది ఇది. వెనుకబడిన కరీంనగర్ జిల్లాను మండలి దత్తత తీసుకొని, జాతీయ ప్రయోగశాలల విజ్ఞానాన్ని అక్కడి స్థానిక వనరులకు, పల్లెల అవసరాలకు అన్వయించడానికి పూనుకొంది. ఆనాటి కరీంనగర్ జిల్లాలో భాగమైన మహాదేవపూర్, కాటారం ప్రాంతాలు 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరాయి. శాస్త్రజ్ఞులు గ్రామాలకు వెళ్ళాలనే మాట అంతకు ముందూ ఉన్నదే. ఒక జిల్లాను మొత్తంగా తీసుకొని పనిచేయించడమే కొత్త.

ఉపకులపతిగా

1981లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యాడు. సాంఘిక శాస్త్రాలకు పేరుపొందిన ఆ విద్యాలయానికి తోళ్ళ శాస్త్రజ్ఞుడు అధిపతి కావడం విశేషమే. రెండేళ్ళు నిండకుండానే, 1982లో, ఆ పదవి నుండి వైదొలగాడు.

మరణం

1985 జూన్ 23న కెనడా నుండి తిరిగివస్తుండగా, ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండు తీరాన బాంబు పేలుడుకు గురై అట్లాంటిక్ సముద్రంలో కూలింది. మరణించిన 329 మందిలో నాయుడమ్మ ఒకడు.