రెండు కళ్లకు ఆపరేషన్.. నిలిచింది ఒక్కటే!

కోతలప్పుడు కంట్లో వడ్లపొట్టు పడటం, వరి ఆకు గీరుకోవడం ధర్మపురి పల్లెల్లో మీకు కొత్త కాదు. ఆ చిన్న గాయంలో ఫంగస్ చేరితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. ముదిరితే రంధ్రం పడుతుంది. అప్పుడు కార్నియా మార్చాలంటారు డాక్టర్లు. చూపు వస్తుందా అన్నదే మీ మొదటి ప్రశ్న. దానికి జవాబు వెతికే ముందు ఎడ్వర్డ్ జిర్మ్ గురించి తెలుసుకోండి.

ఆయన 1863లో వియన్నాలో పుట్టారు. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఓలోమౌట్స్ ఆసుపత్రిలో కంటి వైద్యుడిగా పనిచేశారు. సున్నం పడి రెండు కళ్లూ తెల్లబడిన ఓ కూలీ ఆయన దగ్గరికి వచ్చాడు. అదే సమయంలో కంట్లో ఇనుప ముక్క దిగిన పదకొండేళ్ల బాలుడినీ తీసుకొచ్చారు. ఆ కన్ను దక్కలేదు, తీసేయాల్సి వచ్చింది. కానీ దాని కార్నియా బాగుంది. 1905 డిసెంబరు 7న జిర్మ్ దాన్నే కూలీ కళ్లకు అమర్చారు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు, ఆపరేషన్ మైక్రోస్కోపూ లేదు. ఒక కంట్లో అది నిలవలేదు. రెండో కంట్లో తేటగా నిలిచింది. ఆ కూలీ మళ్లీ పనికి వెళ్లాడు. మనిషికి విజయవంతంగా జరిగిన తొలి కార్నియా మార్పిడి ఇదే. జిర్మ్ 1944లో కన్నుమూశారు.

దాత ఒక్కరే, డాక్టరూ ఒక్కరే. అయినా ఫలితాలు రెండు. అమర్చిన కార్నియా నిలవడం అది చేరిన కంటి స్థితిని బట్టి కూడా ఉంటుంది. ఆ కూలీది పాత గాయం. పుండు పగిలిన కన్ను అలా కాదు, ఎర్రగా వాచి, ఇన్ఫెక్షన్‌తో ఉంటుంది. చిన్న రంధ్రమైతే జిగురుతో మూస్తారు. పెద్దదైతే కార్నియా మార్పిడే దారి. అక్కడ మొదటి లక్ష్యం చూపు కాదు, కన్ను దక్కడం. ఇన్ఫెక్షన్ తిరగబెట్టొచ్చు, కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, కొత్త కార్నియాను శరీరం తిరస్కరించి అది మసకబారొచ్చు. కన్ను కుదుటపడ్డాక చూపు కోసం మరో మార్పిడి అవసరం కావచ్చు. అందుకే మొదటి ఆపరేషన్‌తోనే చూపు రాలేదని నిరాశపడకండి, చుక్కల మందు మానకండి.

అసలు అంతదాకా రానివ్వకండి. కంట్లో ఏదైనా పడితే నలపకండి. మంచినీళ్లతో కడగండి. ఆకు పసరు, చనుబాలు పోయకండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకండి, ఫంగస్ పుండు వాటితో మరింత ముదురుతుంది. నొప్పి, ఎరుపు, నల్లగుడ్డుపై తెల్ల మచ్చ కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.