గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్

విద్యార్థులారా! నేటి కాలమున బ్యాంకులందును, ఆసుపత్రులందును, రైల్వే కార్యాలయములందును లక్షలాది జనుల వివరములు కంప్యూటరులలో భద్రపరుపబడి యున్నవి. వానిని క్రమముగా నమర్చి, కోరినవారికి కోరిన క్షణమున లభించునట్లు చేసి, చెడిపోకుండ కాపాడువారిని డేటాబేసు నిర్వాహకులందురు. మీలో కొందరికి ఆ విద్య నేర్వవలెనను కోరిక యుండవచ్చును. యంత్రమును నడుపుట ఆ విద్యలో నొక భాగము మాత్రమే. ఏ విషయము నెచ్చట నుంచవలెను, అది యెవరికి కావలసివచ్చును, వారు దాని నెట్లు వెదకుదురు అను ఆలోచనయే దానికి మూలము. మన దేశమునకు కంప్యూటరు రాక పూర్వమే ఆ ఆలోచనను శాస్త్రముగా తీర్చిన మహనీయుడు శియ్యాళి రామామృత రంగనాథన్.

ఈయన 1892వ సంవత్సరము ఆగస్టు నెలలో తంజావూరు మండలమందలి శియ్యాళిలో జన్మించెను. ఆరవ యేటనే తండ్రి గతించెను. బాల్యమునుండి ఆయనకు నత్తి యుండెడిది. మాట తడబడు బాలుడు ఉపాధ్యాయుడగుట కష్టమని పలువురు తలంతురు. కాని రంగనాథన్ పట్టుదలతో ఆ లోపమును చాలవరకు జయించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితమున ఎం.ఏ. పట్టము పొంది, సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణము నందెను. 1917 మొదలు మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రభుత్వ కళాశాలలందు గణితము బోధించెను.

అంతలో మద్రాసు విశ్వవిద్యాలయమువారు గ్రంథపాలకుని పదవి నొకదానిని నెలకొల్పిరి. వందలకొలది దరఖాస్తులు వచ్చినను, ఆ వృత్తియందు శిక్షణము పొందినవా డొక్కడును లేకపోయెను. రంగనాథనుకును ఆ విద్య తెలియదు. పరీక్షాధికారులను కలిసికొనుటకు కొలది దినములు ముందు ఒక విజ్ఞాన సర్వస్వమునందలి వ్యాసము చదివినంత మాత్రమే ఆయన కున్న జ్ఞానము. అయినను ఆయననే ఎన్నుకొనిరి. 1924 జనవరిలో ఆయన పదవి స్వీకరించెను.

పదవిలో చేరిన కొలది దినములకే ఆయనకు విసుగు పుట్టెను. ప్రశ్నలడుగు శిష్యులు లేరు. గ్రంథములు చూడవచ్చువారును అరుదు. ఆ ఏకాంతమును సహింపలేక తిరిగి కళాశాలకు పోయి, తన పూర్వపు ఉద్యోగమును తన కిప్పింపుమని ప్రధానాధ్యాపకుని వేడెను. ఇంగ్లండులో శిక్షణము పొంది వచ్చిన పిదపకూడ మనస్సు మారనిచో తప్పక చేర్చుకొందునని ఆ పెద్దమనిషి మాట యిచ్చెను. ఆ మాటను నమ్మి రంగనాథన్ ఓడ యెక్కెను.

లండను విశ్వవిద్యాలయ కళాశాలలో సేయర్సు అను గురువు ఆయనకు లభించెను. గురువుగారు క్రాయిడను పట్టణ గ్రంథాలయమునకు అధికారి. రంగనాథన్ ఆ గ్రంథాలయమున పని నేర్చుకొనుటయే గాక, ఇంగ్లండులో నూటికి పైగా గ్రంథాలయములను స్వయముగా దర్శించెను. అచ్చట పిల్లలు, కార్మికులు, గృహిణులు గ్రంథాలయమునకు వచ్చి పోవుట చూచి ఆశ్చర్యపడెను. గ్రంథములు దాచుకొనుటకు గాక చదువుటకే యున్నవని ఆయనకు తోచినది ఆ దినములలోనే. విసుగు పోయెను, వృత్తి వ్రతమయ్యెను.

మరియొక సంగతి ఆయన కన్నులకు తట్టెను. ఆనాటి వర్గీకరణ పద్ధతులలో ప్రతి విషయమునకును ముందే యొక సంఖ్య నిర్ణయించి యుంచెడివారు. పట్టికలో లేని క్రొత్త విషయము వచ్చినచో దానికి తగిన చోటు దొరకుట దుర్లభము. ఒకనాడు లండనులోని పెద్ద దుకాణమొకదానిలో, ఇనుప ముక్కలును మరలును గల ఆటవస్తువును ఆయన చూచెను. అవే ముక్కలను వేర్వేరు విధములుగా కూర్చిన కొలదియు వేర్వేరు బొమ్మలు తయారగుచుండెను. విషయములను గూడ నిట్లే ముక్కలుగా విడదీసి, కావలసినపుడు కూర్చుకొనరాదా యని ఆయన యోచించెను.

దీని నొక ఉదాహరణముతో గ్రహింపుడు. తంజావూరులో 1950లో వరి పైరునకు సోకిన తెగులును నివారించుటను గూర్చి యొక పుస్తక మున్నదనుకొందము. వరి యనునది ఒక ముక్క, తెగులు ఒకటి, నివారణ ఒకటి, స్థల మొకటి, కాల మొకటి. ఈ ముక్కలకు వేర్వేరు గుర్తులిచ్చి కలిపినచో పుస్తకమునకు స్థాన మేర్పడును. ముక్కలను కలుపుటకు రెండు చుక్కల గుర్తును వాడినందున ఆ పద్ధతికి కోలన్ వర్గీకరణమని పేరు వచ్చెను. అది 1933లో ప్రకటితమయ్యెను. నేడు డేటాబేసు నేర్చుకొను విద్యార్థియు, మొదట విషయమును పేరు, స్థలము, తేదీ మొదలగు గడులుగా విభజించుటనే అభ్యసించును.

1925లో మద్రాసు చేరిన రంగనాథన్ పాత ఉద్యోగమునకు పోలేదు. పాఠకులు స్వయముగా బీరువాల చెంతకు పోయి గ్రంథములు తీసికొను ఏర్పాటు చేసెను. గ్రంథాలయము తెరచియుండు వేళలను పెంచెను. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘము వెలసెను. 1931లో ఆయన గ్రంథాలయ పంచసూత్రములను ప్రకటించెను. అదే యేట మన్నార్గుడి ప్రాంతమున ఎడ్లబండిమీద గ్రంథాలయము పల్లెలకు పోయెను. ఆయన కృషి ఫలముగా 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ శాసనము వచ్చెను. నాటికి ఆంధ్ర మండలములును ఆ రాష్ట్రమందే యుండుటచే తెలుగువారికిని ఆ మేలు దక్కెను.

మద్రాసు విడిచిన తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందు సుమారు లక్ష గ్రంథములను పదునెనిమిది మాసములలో వర్గీకరించెను. పిదప ఢిల్లీలో బోధించెను. తాను కూడబెట్టిన లక్ష రూపాయలను, భార్య శారద పేరు చేర్చి, గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠమునకై మద్రాసు విశ్వవిద్యాలయమునకు దానమిచ్చెను. 1957లో పద్మశ్రీ బిరుదము నందెను. 1962లో బెంగుళూరున పరిశోధన శిక్షణ కేంద్రమును స్థాపించి, ఆ నగరమునందే 1972 సెప్టెంబరు 27వ తేదీన కన్నుమూసెను.

ఆయన సూత్రములలో ప్రతి పాఠకునికిని వాని పుస్తకము దొరకవలెనను భావ మొకటి కలదు. అన్యభాషా ప్రాంతమున నివసించు మన తెలుగు బిడ్డలకు ఈ భావము ప్రాణప్రదమైనది. మన యిండ్లలో తాతముత్తాతల నాటి శతకములు, భారత భాగవతములు అటకలమీద నున్నవి. అవి యున్నవని యెరిగినవారు లేనిచో, ఉండియు లేనివే యగును. చెదలు తినిన పిదప వగచి లాభమేమి?

కావున తల్లిదండ్రుల అనుమతితో మీ యింటి తెలుగు గ్రంథములకు ఒక పట్టిక వ్రాయుడు. గ్రంథము పేరు, కర్త, అచ్చయిన సంవత్సరము, విషయము, ఉన్న యిల్లు—ఈ ఐదు గడులు చాలును. అందరి పట్టికలను కలిపినచో మన యూరి తెలుగు గ్రంథభాండార మెంతటిదో తెలియును. రేపు కంప్యూటరు ముందు కూర్చుండబోవు విద్యార్థికి ఇంతకంటె మంచి తొలిపాఠము లేదు. ఏమియు తెలియకయే ఆరంభించిన రంగనాథన్ అంతవాడైనపుడు, ఆ గడులను నింపుటకు మనము వెనుదీయ నేల?