పసినోటికి తొలి పాఠం – శ్రీ పురందరదాసు

తరతరాలుగా కన్నడదేశంలో స్థిరపడిన మనకు ఈ గడ్డ కూడు పెట్టింది, గూడు చూపింది. మన పిల్లల నోటికి తొలి పాట అందించినదీ ఈ గడ్డయే. ఆ పాటకు బాట వేసిన మహానుభావుని చరిత్ర నాకు తెలిసినంత మేరకు మనవి చేస్తాను. నేను విద్వాంసుణ్ణి కాను, రైల్వే గుమాస్తాను. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

శ్రీ పురందరదాసు 1484లో జన్మించారని చెబుతారు. జన్మస్థలం పూనా దాపున ఉన్న పురందరగడమని కొందరు, శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి ప్రాంతంలోని క్షేమపురమని మరికొందరు అంటారు. ఆయన తొలి పేరు శ్రీనివాస నాయకుడు. వడ్డీ వ్యాపారంతో నవకోటి నారాయణుడని పేరు మోసినాడు. ధనం ఎంతో లోభం అంత. భార్య సరస్వతీబాయి మాత్రం దయామయి.

ఒకనాడు పేద బ్రాహ్మణుడొకడు కొడుకు ఉపనయనానికి సాయం కోరి వచ్చినాడట. నాయకుడు లేదనలేదు, ఇవ్వనూ లేదు. రేపు రమ్మన్నాడు, మాపు రమ్మన్నాడు. అట్లే నెలలు గడిచిపోయినవి. విసిగిన బ్రాహ్మణుడు ఇంటి ఇల్లాలిని అడిగితే ఆమె తన ముక్కుపుడక తీసి ఇచ్చింది. అతడు దానిని తెచ్చి నాయకుని అంగడిలోనే అమ్మబోయినాడు. నాయకుడు గుర్తుపట్టి, పుడకను పెట్టెలో పెట్టి తాళం వేసి, ఇంటికి పోయి భార్యను నిలదీసినాడు. ఆమె దిక్కు తోచక విషం త్రాగబోగా ఆ గిన్నెలోనే ముక్కుపుడక కనిపించినదట. తిరిగి అంగడికి వచ్చి చూస్తే పెట్టెలో పుడక లేదు. ఆ దెబ్బతో నాయకుని కళ్ళు తెరుచుకున్నవి. ఉన్నదంతా దానం చేసి, ఆలుబిడ్డలతో విజయనగరం చేరి, 1525లో వ్యాసరాయల వారి వద్ద దాసదీక్ష పుచ్చుకున్నారు. చేత తంబుర, కాళ్ళ గజ్జెలు, వీథి వీథినా హరికీర్తన, దొరికిన భిక్షతో సంసారం. కోట్లు లెక్కపెట్టిన చేతులు చిడతలు పట్టినవి.

ఆయన 4,75,000 కీర్తనలు రచించారని ప్రతీతి. నేడు దొరుకుతున్నవి సుమారు వెయ్యి. కాని కర్ణాటక సంగీత పితామహుడన్న బిరుదు లెక్కను బట్టి వచ్చినది కాదు, పసిపిల్లకు కూడా అందేటట్లు సంగీతానికి మెట్లు కట్టినందుకు వచ్చినది. మనం నేడు మాయామాళవగౌళ అని పిలిచే రాగాన్ని తొలి పాఠానికి ఏర్పరచినది ఆయనే అని పరంపరగా చెబుతారు. అందులో సరిగమలు ఏ ఎడంతో నడుస్తవో పదనిసలూ అదే ఎడంతో నడుస్తవి. క్రింది సగం నోటికి పట్టిన బిడ్డకు పై సగం తేలికగా పట్టుబడుతుంది. మొదట సరళి వరుసలు, తరువాత ఒక్కొక్క స్వరం రెండుసార్లు పలికే జంట వరుసలు, ఆపైన ఏడు తాళాలలో అలంకారాలు, అటుపిమ్మట మలహరి రాగంలో చిన్న చిన్న పిళ్ళారి గీతాలు. మెట్టు మెట్టుకూ ఎత్తు కొద్దికొద్దిగానే పెరుగుతుంది.

ఈ మెట్లకు ముందు మరొక మెట్టు కూడా ఉన్నది. అది తల్లి ఒడి. దాసుగారు చిన్నికృష్ణునిపై జోలపాటలు, అల్లరి పాటలు ఎన్నో కట్టినారు. బూచిని పిలవవద్దని తల్లిని బ్రతిమాలే కృష్ణుని పాట ఒకటి కన్నడ తల్లులందరికీ తెలుసు. అక్షరాలు రాని వయసులో బిడ్డ చెవికి శ్రుతి, కాలికి లయ అలవాటయ్యేది ఇటువంటి పాటలతోనే.

1564లో దాసుగారు హంపిలో పరమపదించారు. తుంగభద్ర ఒడ్డున పురందర మంటపం నేటికీ నిలిచి ఉన్నది. ఏటా పుష్య బహుళ అమావాస్యనాడు ఆరాధన జరుగుతుంది. 400వ వర్ధంతి సంవత్సరమైన 1964లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసినది. మన త్యాగయ్యగారు (1767–1847) చిన్ననాట తల్లి సీతమ్మగారి నోట దాసుగారి పదాలు విన్నారని చెబుతారు. తెలుగులో వ్రాసిన ప్రహ్లాద భక్తి విజయంలో వారు దాసుగారికి నమస్కరించారు కూడా. కన్నడ జోలపాట తెలుగు కృతికి ఉగ్గుపాలైనదన్నమాట.

ఇది తెలియని రోజులలో నేనొక పొరపాటు చేసినాను. మా అమ్మాయికి నాలుగేండ్లు. పక్క క్వార్టర్సులోని కన్నడ అవ్వ ఒడిలో కూర్చుని దాసుగారి పాటలు పాడేది. తొలి పాట తెలుగు పాట కాకపోయెనే అని నేను చిన్నబుచ్చుకున్నాను. పాపకు నాలుగు పాటలు నేర్పించే ఏర్పాటు చేయమని మా ఆవిడ అడిగినప్పుడల్లా జీతాలు రానీ, వచ్చే నెల చూద్దామంటూ ఏడాది గడిపినాను. ముక్కుపుడక కథ మొదటిసారి శ్రద్ధగా విన్ననాడు రేపు రమ్మన్న నాయకుడు ఎవరో నాకు తెలిసివచ్చినది. మరునాటి నుండి సాయంకాలం డ్యూటీ దిగగానే పావుగంట పాపతో కూర్చుంటున్నాను. అవ్వ పాడుతుంది, పాప చప్పట్లతో తాళం వేస్తుంది, మా ఆవిడ మన తెలుగు లాలిపాట అందుకుంటుంది. నాకు పాడరాదు కనుక వింటాను. రెండు భాషలలో ఏదీ రెండవదాన్ని బయటికి నెట్టలేదు.

బడి ఈడు రాని పిల్లలకు పరీక్షలూ పోటీలూ అక్కరలేదు. వినిపించాలి, చప్పట్లు కొట్టించాలి, పాడబుద్ధి పుట్టినప్పుడు పాడనివ్వాలి. మన సంఘ భవనంలో ఆదివారం ఉదయం ఒక్క అరగంట చాపలు పరిస్తే చాలు. ఇరుగుపొరుగు కన్నడ పిల్లలనూ పిలుద్దాం. చాపలు పరిచే పని నాది. వచ్చే ఉగాదికి చూద్దామని మాత్రం దయచేసి ఎవరూ అనవద్దని మనవి.