వేలిముద్రల దొర సర్ ఎడ్వర్డ్ హెన్రీ

నేను లెక్కల విద్యార్థిని. సావనీరుకి ఏ రామానుజం గురించో రాస్తాననుకున్న మిత్రులు, ఒక పోలీసు దొరగారి జీవితం ఎత్తుకున్నందుకు ఆశ్చర్యపోవచ్చు. కారణాలు రెండున్నాయి. ఆయన పేరుతో ప్రపంచమంతా వాడిన పద్ధతి అసలుకి ఒక చక్కని లెక్క. రెండోది, కలకత్తాలో పుట్టి లండన్ దాకా వెళ్ళిన ఆ లెక్క మన కృష్ణ ఒడ్డుకీ వచ్చింది. వచ్చి ఇక్కడ ఏం చేసిందో తెలుసుకోకుండా, నేడు మన వీధుల్లో కొత్త యంత్రాలు పెట్టేవారిని మనం సరైన ప్రశ్న అడగలేం.

ఎడ్వర్డ్ రిచర్డ్ హెన్రీ 1850 జూలై 26న లండన్‌లో ఒక ఐరిష్ డాక్టరు ఇంట పుట్టాడు. పదహారో యేట లాయిడ్స్ కంపెనీలో గుమాస్తాగా చేరాడు. పగలు ఉద్యోగం, సాయంత్రం యూనివర్సిటీ కాలేజిలో చదువు. అలా చదివి 1873లో ఇండియన్ సివిల్ సర్వీసుకి ఎంపికై బెంగాల్ వచ్చాడు. హిందీ, ఉర్దూ బాగా నేర్చాడు. రెవెన్యూ పనిలో ఎదిగి 1891లో బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు.

ఆనాటి పోలీసులకి పెద్ద తలనొప్పి ఒకటే. పట్టుబడ్డవాడు ఇదివరకు జైలుకెళ్ళిన పాతవాడా, కొత్తవాడా? పేరు మార్చి, ఊరు మార్చి చెబితే తేల్చే దారి లేదు. ఫ్రాన్సులో బెర్టిల్లాన్ అనే ఆయన తల చుట్టుకొలత, చెయ్యి పొడవు వగైరా కొలిచి కార్డుల్లో రాసే పద్ధతి పెట్టాడు. హెన్రీ మొదట దాన్నే తెచ్చాడు. కాని ఒకే మనిషిని ఇద్దరు జవాన్లు కొలిస్తే రెండు రకాల అంకెలు వచ్చేవి. వేలిముద్రల సంగతి అప్పటికే బెంగాల్‌కి తెలుసు. 1858లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1877 నాటికి హుగ్లీలో పెన్షన్లకి, రిజిస్ట్రేషన్లకి వేలిముద్రలు వాడాడు. ఇంగ్లండులో గాల్టన్ ఈ ముద్రల మీద గ్రంథమే రాశాడు. అయినా వేలకొద్దీ కార్డుల్లో కావలసినది సులువుగా వెతికి తీయడం ఎలాగన్నది ఆయనకి కూడా చేతకాలేదు.

ఆ చిక్కు విప్పినవారు ఇద్దరు బెంగాలీలు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజిలో లెక్కలు చదివిన కాజీ అజీజుల్ హక్, ఆయనతో పనిచేసిన హేమచంద్ర బోస్. వీరు హెన్రీ కింద చిన్న పోలీసు ఉద్యోగులు. పద్ధతి చూడండి, ఎంత సులువో! పది వేళ్ళనీ వరసగా ఐదు జతలు చేశారు. జతలకి వరసగా 16, 8, 4, 2, 1 అని విలువలిచ్చారు. వేలి మీది గీతలు సుడి తిరిగి ఉంటే ఆ విలువ వస్తుంది, లేకపోతే సున్న. ప్రతి జతలో ఒక వేలు పై లెక్కకి, ఒకటి కింది లెక్కకి. రెండు మొత్తాలకీ ఒక్కొక్కటి కలిపితే ఒక భిన్నంలా వస్తుంది. పైన 32 అవకాశాలు, కింద 32. మొత్తం 1024 గూళ్ళు. ఎంత పెద్ద కార్డుల గుట్టయినా నేరుగా ఒక గూటి దగ్గరకి వెళ్ళి వెతుక్కోవచ్చు.

ఇక్కడ హెన్రీని మెచ్చుకోవాలి. తన ఆఫీసులో పనిచేసింది కదా అని దేశం మీద రుద్దలేదు. 1897లో ప్రభుత్వం బయటివారిద్దరిని పరీక్షకి నియమించింది. ఒకరు సర్వేయర్ జనరల్ స్ట్రాహాన్, ఇంకొకరు కెమిస్ట్రీ పండితుడు పెడ్లర్. వాళ్ళు కార్డులు తీయించి చూసి, కొలతల పద్ధతి కంటే ఇదే మేలని రాశాక, ఆ జూన్‌లో ఇండియా ప్రభుత్వం ఆమోదించింది. 1899లో సాక్ష్యాల చట్టాన్ని సవరించి వేలిముద్రల నిపుణుడి మాటకి కోర్టులో చోటిచ్చారు.

కోర్టులు కూడా జాగ్రత్తగానే నడిచాయి. 1898లో జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరుని చంపి డబ్బు దోచారు. పెట్టెలో దొరికిన బెంగాలీ పంచాంగం మీద గోధుమరంగు మరక ఒకటి ఉంది. అది పూర్వం జైలుకెళ్ళిన ఒక పాత నౌకరు బొటనవేలి ముద్రతో సరిపోయింది. అయినా కోర్టు అతనికి దొంగతనానికే శిక్ష వేసింది, హత్యానేరం మోపలేదు. పంచాంగాన్ని ముట్టుకున్నాడని ముద్ర చెప్పగలదు. చంపాడని చెప్పలేదు. ఏ యంత్రం ఎంతవరకు సాక్ష్యం చెప్పగలదో ఆనాటి న్యాయాధికారులకి తెలుసు.

కీర్తి మాత్రం చాలాకాలం దొరగారికే దక్కింది. 1900లో అచ్చయిన పుస్తకం ఆయన పేరు మీదే వచ్చింది. పద్ధతిని నేటికీ హెన్రీ పద్ధతి అంటారు. తర్వాత చాలా ఏళ్ళకి ఆయనే హక్ కృషిని ఒప్పుకుంటూ రాశాడు. హక్‌కి ఖాన్ బహదూర్ బిరుదు, ఐదు వేల రూపాయల పారితోషికం వచ్చాయి. మన లెక్కల శాఖవారు ఈ పేరు గుర్తుంచుకుంటే బాగుంటుంది.

1900లో హెన్రీని దక్షిణాఫ్రికా పంపారు. జొహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా పోలీసు వ్యవస్థల్ని తీర్చి, 1901లో స్కాట్లండ్ యార్డ్‌లో చేరాడు. అదే ఏడు జూలైలో అక్కడ వేలిముద్రల విభాగం మొదలైంది. 1903లో లండన్ పోలీసు కమీషనర్ అయ్యాడు. టైప్‌రైటర్లు, టెలిఫోన్లు తెచ్చాడు. కొత్త జవాన్లకి శిక్షణాలయం కట్టించాడు.

ఆయన వెళ్ళిపోయాక ట్రాన్స్‌వాల్‌లో కథ మలుపు తిరిగింది. భారతీయులందరూ పది వేళ్ళ ముద్రలిచ్చి రిజిస్టరు కావాలని ప్రభుత్వం చట్టం చేసింది. గాంధీగారు హెన్రీ పుస్తకమే తెప్పించి చదివారు. చట్టప్రకారం వేలిముద్రలు నేరస్థుల దగ్గరే తీసుకుంటారని అందులోంచి గ్రహించారు. సత్యాగ్రహం సాగింది. 1908 జనవరిలో, బలవంతం లేకుండా ఇష్టంతో ఇస్తే సరేనన్న రాజీ కుదిరింది. గాంధీగారు తామే ముందు ఇవ్వబోయారు. దానికి మండిపడ్డ ఒక పఠాను ఆయన్ని కొట్టాడు. దెబ్బలతో మంచంలో ఉండే ఆయన ముద్రలిచ్చారు. చట్టం మాత్రం రద్దు కాలేదు. ఆగస్టు 16న రెండు వేలకి పైగా పత్రాలు మంటల్లో పడ్డాయి. వేలు అదే, సిరా అదే. అడిగి తీసుకోవడానికీ, లాక్కోవడానికీ మధ్య ఉన్న తేడా మీదే అంత పోరాటం జరిగింది.

ఇక మన ఊరికి వద్దాం. ప్రకాశం బరాజు దాటితే అవతలి ఒడ్డున సీతానగరం. 1911 నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. పూర్వం ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్న ఎరుకల కుటుంబాలు, రైళ్ళు వచ్చి వ్యాపారం పోయిన తర్వాత ఈ చట్టం కింద పడ్డాయి. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. సీతానగరంలోనూ ఒకటి పెట్టి రాళ్ళ క్వారీ పని చేయించారు. రెండింటినీ సాల్వేషన్ ఆర్మీ నడిపింది. రిజిస్టరులో పేరెక్కితే ఎప్పుడైనా వేలిముద్ర తీసుకోవచ్చు. హాజరు పలకాలి. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఉంది. ఒక తెగని నేరస్థ తెగ అని ప్రకటిస్తే ఏ కోర్టూ ప్రశ్నించరాదని చట్టంలోనే రాసుకున్నారు.

జల్పాయిగురిలో ఒక్క దొంగకి దొరికిన న్యాయం సీతానగరంలో పుట్టిన పసిబిడ్డకి దొరకలేదు. కార్డుల పద్ధతిని పరీక్షించడానికి పండితుల్ని పిలిచారు. ఎవరి వేళ్ళు తీసుకోవాలన్న విషయంలో ఆ వేళ్ళు గలవారిని ఎవ్వరూ పిలవలేదు. ఈ చట్టం హెన్రీ చేసింది కాదు. అప్పటికి ఆయన లండన్‌లో ఉన్నాడు. కాని తయారైన పనిముట్టు తయారుచేసినవాడి అదుపులో ఉండదు.

ఆయన చివరి రోజులు కూడా ఇదే పాఠం చెబుతాయి. 1912 నవంబరులో, టాక్సీ లైసెన్సు దొరకని ఒక యువకుడు ఆయన్ని ఇంటి ముందే తుపాకితో కాల్చాడు. బతికి బయటపడ్డ హెన్రీ, అతనికి శిక్ష తగ్గించమని కోర్టుని వేడుకున్నాడు. జైలు నుంచి వచ్చాక కెనడా వెళ్ళడానికి ఖర్చులు కూడా ఇచ్చాడు. అంతటి దయగలవాడు తన జవాన్ల గోడు వినలేకపోయాడు. జీతాలు చాలక, యూనియన్‌కి గుర్తింపు లేక లండన్ పోలీసులు 1918 ఆగస్టు 30న సమ్మె కట్టారు. మర్నాడే ఆయన రాజీనామా చేశాడు. 1931 ఫిబ్రవరి 19న గుండెపోటుతో మరణించాడు. దయ ఒకటి, ఎదుటివాడి మాట వినడం ఒకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. మచ్చ మాత్రం పోలేదు. స్టూవర్టుపురం వాళ్ళని చాలాకాలం దొంగల ఊరివాళ్ళుగానే చూశారు. మన విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం దంపతులు 1970లలో ఆ ఇళ్ళకి వెళ్ళి, కూర్చుని, వాళ్ళ మాట విన్నారు. ఆ రిజిస్టరు చేయలేని పని అక్కడ మొదలైంది.

మరి నేడు? 2016 కృష్ణా పుష్కరాల్లో ఘాట్ల వెంట కెమెరాలు చూశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ మేడల మీదకి డ్రోన్లు అన్నం పొట్లాలు మోసుకెళ్ళాయి. యంత్రం శత్రువని అనే ధైర్యం నాకు లేదు. అయితే 2022లో వచ్చిన చట్టం కింద వేలిముద్రలే కాదు, కనుపాప గుర్తులు కూడా పోలీసులు తీసుకోవచ్చు. ఆ రికార్డులు 75 ఏళ్ళు ఉంటాయి. రోడ్డు మీద తన ఫోటో తీసినందుకు ఒక హైదరాబాదు పౌరుడు ముఖాలు గుర్తించే యంత్రాల మీద హైకోర్టుకి వెళితే, అదే ఏడు జనవరిలో తెలంగాణ ప్రభుత్వానికి నోటీసు వెళ్ళింది. 1911లో మూసిన తలుపు ఇప్పుడు తెరిచి ఉంది. కాని ఒక్కొక్కరూ కోర్టు మెట్లెక్కి అడగాల్సి రావడం మంచి పద్ధతి కాదు. ముందే అడగాలి.

నాలుగు ప్రశ్నలు చాలు. ఈ యంత్రం దేనికి? ఎవరి మీద? తీసింది ఎన్నాళ్ళు ఉంచుతారు? తప్పు జరిగితే ఎవరికి చెప్పుకోవాలి? మన యూనియన్ వచ్చే ఏడాది ఒక సభ పెట్టి పోలీసు అధికారుల్నీ, ఆటో డ్రైవర్లనీ, బీసెంట్ రోడ్ తోపుడుబండ్లవాళ్ళనీ, సీతానగరం, స్టూవర్టుపురం పెద్దల్నీ ఒకే వేదిక మీదకి పిలిస్తే బాగుంటుందని నా మనవి. 1024 గూళ్ళ లెక్క వేసింది మనలాంటి ఒక కాలేజి కుర్రాడే. ఆ గూళ్ళలో ఎవరిని పెడుతున్నారని అడగాల్సింది కూడా మనలాంటి కాలేజి కుర్రాళ్ళే.